సునామీ హెచ్చరిక వస్తే బోటును లోతుకు తీసుకెళ్లాలా, వదిలేయాలా?

లోతు నీళ్లలో వేటలో ఉంటే ఒడ్డుకు రావద్దు. రేవులో ఉంటే బోటు వదిలేసి మెరకకు వెళ్లండి.

నడిసంద్రంలో సునామీ అల సాధారణంగా మీటరు ఎత్తు కూడా ఉండదు, పడవ కిందుగా పోయినా తెలియదు. 4,000 మీటర్ల లోతులో గంటకు 700 కిలోమీటర్లు పరుగెత్తే ఆ అల 10 మీటర్ల లోతుకొచ్చేసరికి 36కి తగ్గి, పైకి లేస్తుంది. అందుకే 100 బారలు, అంటే సుమారు 180 మీటర్ల లోతు దాటి ఉండాలంటారు.

విశాఖలో చిక్కు ఇక్కడే. ఆ లోతు ఒడ్డుకు దాదాపు 40 కిలోమీటర్లు. 8 నాట్ల (గంటకు సుమారు 15 కిలోమీటర్ల) మరబోటుకు దాదాపు మూడు గంటలు పడుతుంది. 2004 డిసెంబరు 26న ఉదయం 6:29కి సుమత్రా దగ్గర భూకంపం వస్తే, అల 9:05 ప్రాంతంలో విశాఖ చేరింది. హెచ్చరిక అందడానికి, ఇంజను వేయడానికి పట్టే సమయం తీసేస్తే లెక్క తేలదు.

రేవులో బోట్లను విరిచేది ఎక్కువగా ప్రవాహమే. నీరు వెనక్కి లాగితే బోటు అడుగు నేలకు ఆనుతుంది; తిరిగొచ్చే నీరు మోకులు తెంపి పక్క బోట్ల మీద పడేస్తుంది. ఆ సమయంలో జెట్టీ మీద తాళ్లు సర్దడం వట్టి మూర్ఖత్వం. మొదటి అలే పెద్దదన్న నమ్మకమూ లేదు. హైదరాబాద్‌లోని సునామీ హెచ్చరిక కేంద్రం ఇన్‌కాయిస్ ముప్పు తొలగిందని చెప్పాకే, అదీ రేవు అధికారులు సరేనన్నాకే లోపలికి రండి: తేలే వలలు, తెగిన తాళ్లు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటాయి.