ముందు ఆదోని బస్సెక్కండి

కర్నూలు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. చాలా ఏళ్లుగా తన ఇంట్లో శుక్రవారం ఉపవాస ప్రార్థన కూడిక నడుపుతున్నారు. ఒకప్పుడు తాను చేయి ఉంచి ప్రార్థిస్తే జ్వరాలు తగ్గేవట, తన మాటంటే అందరికీ గురి ఉండేదట. ఇప్పుడు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. సంఘం పాస్టరు అయ్యగారు కూడా వాక్యం చెప్పే పని వేరే సోదరికి అప్పగించారు. ‘ఆత్మీయ అధికారంలో ఎదగాలంటే ఎన్ని రోజులు ఉపవాసం ఉండాలి? రోజూ ఏ వాక్యాలు పలకాలి?’ అని అడిగారు. ఉత్తరం చివర ఇంకో నాలుగు ముక్కలు ఉన్నాయి: ‘మా కోడలు మూడు నెలలుగా ఆదోనిలో పుట్టింట్లోనే ఉంది. రెండుసార్లు అబార్షన్ అయింది. అందుకే కూడికలో నిలబెట్టి, వాళ్ల వంశంలో ఉన్న శాపం తెగిపోవాలని అందరం ప్రార్థించాం. మర్నాడే వెళ్లిపోయింది. లోబడే మనసు లేదు.’

అమ్మా, ఉపవాసాల లెక్క నేను చెప్పను. ఇన్ని రోజులు పస్తుంటే ఇంత అధికారం వస్తుందని బైబిల్లో ఎక్కడా లేదు. మీరు చివర్లో రాసిన ఆ నాలుగు ముక్కల గురించే మాట్లాడతాను.

ఆ శుక్రవారం ఆ పిల్ల పరిస్థితి ఏమిటో ఒక్కసారి ఆలోచించారా? భర్తకూ కన్నతల్లికీ చెప్పుకుని ఏడవాల్సిన సంగతి, చాపల మీద కూర్చున్న వీధివాళ్లందరి ముందుకూ వచ్చింది. పైగా ఆమె పుట్టింటి మీద శాపం అన్న మాట. ఆదోనిలో ఉన్న వాళ్ల అమ్మానాన్నలకు ఆ మాట చేరకుండా ఉంటుందా? అత్త ఒక్కతే నాలుగు గోడల మధ్య తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. ప్రార్థన మనవి అని పేరు పెట్టినంత మాత్రాన గుట్టు బయటపెట్టడం తప్పు కాకుండా పోదు. పరుల గుట్టు బయటపెట్టేవాణ్ణి సామెతల గ్రంథం 11వ అధ్యాయం ఏమంటుందో తీసి చూడండి, కొండెగాడు అంటుంది.

హన్నా కథ మీరు ఎన్నోసార్లు చెప్పే ఉంటారు. బిడ్డల్లేని హన్నా మందిరంలో పెదవులు మాత్రమే కదిలిస్తూ, గొంతు వినబడకుండా ప్రార్థించింది. యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకుని గద్దించాడు. ఆమె తన మనోదుఃఖం చెప్పుకోగానే, ఇంకో మాట అడగకుండా ‘క్షేమంగా వెళ్లు’ అని దీవించి పంపాడు. ఆమె బాధ ఏమిటో పదిమందిని పిలిచి చెప్పలేదు. పెద్దరికం అంటే నాకు అది.

మీ కూడికకు జనం ఎందుకు తగ్గారో మీరు రాయలేదు గానీ, నాకు తోచింది చెబుతాను. సొంత కోడలి గుట్టే దాగని ఇంట్లో తమ కష్టం చెప్పుకోవడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? మీ ప్రార్థనలో బలం తగ్గిందని కుమిలిపోతున్నారు. తగ్గింది మీ మీద నమ్మకం. ప్రభువు తనకు అధికారం ఇచ్చింది కట్టడానికే గానీ పడగొట్టడానికి కాదని పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక చివరి అధ్యాయంలో ఉంది. మీరు పడగొట్టిన మనిషి మీ ఇంటి కోడలే కదమ్మా.

ఇక శాపం సంగతి. తెలిసిన గర్భాల్లో వందకు 10 నుంచి 20 దాకా నిలవకుండా పోతూనే ఉంటాయి. తొలి నెలల్లో పోయినవాటిలో దాదాపు సగం పిండం క్రోమోజోముల్లో లోపం వల్లే. ఆ పిల్ల చేసిన పాపమూ లేదు, వంశ దోషమూ లేదు. రెండుసార్లు జరిగింది కాబట్టి భార్యాభర్తలిద్దరూ కలిసి గైనకాలజిస్టుకు చూపించుకోవాలి. అన్నట్టు, ఇంత పెద్ద ఉత్తరంలో మీ అబ్బాయి ఊసే లేదు. భార్యను అలా నిలబెడుతుంటే అతను ఎక్కడున్నాడు? అతన్నీ కూర్చోబెట్టి ఈ మాట అడగండి.

ముందు మీరు ఆదోని వెళ్లండి. వెంట సంఘం వాళ్లను తీసుకెళ్లొద్దు, బైబిలు తీసి వాక్యం చెప్పొద్దు. వియ్యపురాలి ముందే, ‘తప్పు చేశాను, మీ వంశాన్ని అనరాని మాట అన్నాను’ అని చెప్పండి. క్షమించు అని కోడలిని అడగండి, ఇంటికి రమ్మని మాత్రం ఆ రోజు అడగకండి. ఆమె మాట్లాడకపోతే ఊరుకుని వచ్చేయండి. శాపం అన్నది అందరి ముందే కాబట్టి, ఆ మాట తప్పని వచ్చే శుక్రవారం అందరి ముందే చెప్పాలి. అబార్షన్ల ఊసు మళ్లీ ఎత్తకుండా ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకోండి. ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే, అది మా కోడలి సొంత విషయం అనండి.

మీ ప్రార్థన మనవుల పుస్తకంలో ఆమె పేరు ఉంటే కొట్టేయండి. ఆమె కోసం ప్రార్థన మానొద్దు, మీ గదిలో తలుపు వేసుకుని చేయండి. తిరిగి ఎప్పుడు రావాలో ఆమె, మీ అబ్బాయి మాట్లాడుకుంటారు.