సూర్యాస్తమయంలోకి ఎవరూ వెళ్లలేదు

చిరంజీవి కార్తీక్‌కు,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం మొన్న చేరింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి పడక్కుర్చీలో, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఆ రెండోసారే కాగితం నిండా గీతలు పడ్డాయి, నొచ్చుకోకు. ఇంకోటి, నన్ను 'మేడమ్' అనకు. మీ అమ్మా నేనూ ఒకే వీధిలో తొక్కుడుబిళ్ల ఆడినవాళ్లం. అత్తయ్యా అంటే పలుకుతాను.

వెస్టర్న్ సినిమాల, అదే అమెరికా కౌబాయ్ సినిమాల వీరుల మీద ప్రేమతో రాశావు, ఆ ప్రేమ తెలుస్తూనే ఉంది. కానీ చివరి వాక్యం దగ్గర నా పెన్సిల్ ఆగిపోయింది. 'ఆ వీరులందరూ సూర్యాస్తమయంలోకి స్వారీ చేస్తూ వెళ్లిపోయారు' అన్నావు. సూర్యాస్తమయంలోకి ఎలా వెళతార్రా? అదేమన్నా వసారానా? ఇంగ్లీషులో అరిగి అరిగి పోయిన మాటకు మన అక్షరాలు తొడిగావు. పొద్దుగూకే వేళ గుర్రమెక్కి వెళ్లిపోయాడంటే చాలదూ?

సరే, భాష దిద్దుకోవచ్చు. అసలు చిక్కు వేరే. నువ్వు పేరు పెట్టి చెప్పిన ముగ్గురిలో ఒక్కడూ పొద్దుగూకే వేళ వెళ్లలేదు. 'షేన్'లో అలన్ లాడ్ వెళ్లింది రాత్రిపూట. వెనక నుంచి పిల్లాడు రమ్మని కేకలేస్తుంటే, ఆ గుర్రం చీకట్లో సమాధుల పక్క నుంచి వెళ్లిపోతుంది. 'హై నూన్'లో గ్యారీ కూపర్ భార్యను పక్కన కూర్చోబెట్టుకుని గుర్రబ్బండి తోలుకుంటూ పోతాడు, అదీ పట్టపగలు. పేరులోనే ఉందిగా మిట్టమధ్యాహ్నమని! 'ది సెర్చర్స్'లో జాన్ వేన్ అయితే గుర్రమే ఎక్కడు. ఎండలోకి నడిచిపోతాడు. అంటే నువ్వు రాసింది నువ్వు చూసిన సినిమాల గురించి కాదు. ఆ సినిమాల గురించి లోకం చెప్పుకునే మాట విని రాశావు.

నిన్నే అంటున్నానని అనుకోకు. నేనింతకన్నా ఘోరం చేశాను. రాయడం మొదలుపెట్టిన కొత్తల్లో ఒక వారపత్రికకు 'హై నూన్' గురించి రాస్తూ, చివర్లో కూపర్ తన మార్షల్ (ఊరి పోలీసు అధికారి) నక్షత్రం బిళ్లను పీకి ఊరి పెద్దల ముఖాన విసిరికొట్టాడని, నాలుగు మాటలు దులిపేశాడని రాశాను. ఆ మాటలు కూడా నేనే రాసి పెట్టాను! అచ్చయింది. ఎవరూ ఏమీ అనలేదు. చాలా ఏళ్లకు ఆ సినిమా మళ్లీ చూస్తే గుండె జారింది. విసరడం లేదు, తిట్టడం లేదు. నలుగురిని చంపే పని ముగిశాక, అంతదాకా తలుపులు వేసుకున్న జనమంతా బయటికొచ్చి చుట్టూ నిలబడతారు. కూపర్ చొక్కాకున్న బిళ్ల తీస్తాడు, దుమ్ములో పడేస్తాడు, బండెక్కుతాడు. ఒక్క మాట లేదు. నా కోపాన్ని ఆయన నోట్లో పెట్టి, అదే జ్ఞాపకమనుకున్నాను. పాత రోజుల మీద బెంగ పెట్టుకున్నవాళ్ల బుర్ర ఇలాగే పనిచేస్తుంది. కావలసింది కలిపేసుకుంటుంది, కలిపినట్టు మనకు చెప్పదు. అందుకే రాసే ముందు మళ్లీ చూడు. పదోసారైనా సరే, మళ్లీ చూడు.

మళ్లీ చూసినప్పుడే నాకు ఇంకోటి దొరికింది. పన్నెండు గంటల రైలుకు పగవాడు దిగుతాడు. సాయం వస్తామన్నవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. అప్పుడు కూపర్ బల్ల దగ్గర కూర్చుని ఏం చేస్తాడు? తుపాకీ తుడుచుకోడు. కాగితం తీసుకుని వీలునామా రాస్తాడు. గోడ గడియారం లోలకం ఊగుతూ ఉంటుంది, కలం కదులుతూ ఉంటుంది. అప్పటికి కూపర్‌కు యాభై ఏళ్లు, కడుపులో పుండుతో బాధపడుతున్నాడు. దర్శకుడు జిన్నెమాన్ ఆ ముఖాన్ని రంగులతో కప్పలేదు. భయపడ్డ ముఖం అది. నువ్వేమో 'భయమెరుగని ధీరుడు' అన్నావు. ఆ మూడు గజాల బిరుదు కొట్టేసి ఆ వీలునామా పెట్టు.

'విలువలు' అన్న మాట నీ వ్యాసంలో పదకొండుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను, వయసైపోయినదాన్ని, వేరే పనేముంది! అన్నీ తీసెయ్. తీసేశాక ఏం మిగులుతుందని భయం వేస్తుంది. అప్పుడు 'షేన్'లో బురద వీధి గుర్తు తెచ్చుకో. చెక్క అరుగుపైన తుపాకీతో జాక్ ప్యాలన్స్, కింద బురదలో ఒక చిన్న రైతు. ప్యాలన్స్ తుపాకీ బయటికి తీసినా వెంటనే కాల్చడు, ఒక్క క్షణం ఆగుతాడు. తర్వాత ఫిరంగి పేలినంత చప్పుడు, ఆ రైతు ఎవరో తాడేసి లాగినట్టు వెనక్కి ఎగిరి బురదలో పడతాడు. నిజంగానే నటుడికి తీగలు కట్టి లాగించారు. ఆ దర్శకుడు జార్జ్ స్టీవెన్స్ రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వెంట కెమెరాతో తిరిగి, నాజీల డాకావ్ చెరశాల గేట్లు తెరిచినప్పుడు లోపలున్నది చిత్రీకరించి వచ్చినవాడు. తిరిగొచ్చాక తుపాకీ దెబ్బను ఆటలా తీయడం ఆయన వల్ల కాలేదు. ఆ బురదలో పడ్డ మనిషిని సరిగ్గా చూపించావంటే, నీ పదకొండు 'విలువలూ' పాఠకుడే తెచ్చుకుంటాడు.

ఇక నేను నిన్ను గట్టిగా అడగాలనుకున్నది. ఈ బెంగ ఎవరిది?

నువ్వు పుట్టింది 1996లో. 'గన్‌స్మోక్' అనే కౌబాయ్ సీరియల్ అమెరికా టీవీలో వచ్చింది 1955 నుంచి 1975 దాకా, 635 భాగాలు. నువ్వు 'మన బాల్యపు వీరులు' అన్నావు. ఎవరి బాల్యం? మీ నాన్న బాల్యంలో కూడా మన ఊళ్లో టీవీ లేదు! వ్యాసం మధ్యలో, మూడే మూడు వాక్యాల్లో చెప్పి వదిలేశావు చూడు, డల్లాస్‌లో నీ అపార్ట్‌మెంట్ పక్కనుండే ముసలాయన సంగతి. భార్య పోయాక రోజూ మధ్యాహ్నం పాత 'గన్‌స్మోక్' పెట్టుకుంటాడని, శనివారాలు నిన్నూ పిలిచి కూర్చోబెట్టుకుంటాడని. బెంగ ఆయనది, నువ్వు పక్క కుర్చీలో ఉన్నావు. ఆ కుర్చీ వదిలేసి ఆయన కుర్చీలో కూర్చుని రాయబోయావు, అందుకే గొంతు నీది కాకుండా పోయింది.

ఆయన బెంగ కూడా ఇంకొకరి దగ్గర అరువు తెచ్చుకున్నదే. అదే నాకు సరదాగా ఉంటుంది. ఆ సీరియల్ జరిగే, కాన్సాస్ రాష్ట్రంలోని డాడ్జ్ సిటీ ఉంది కదా, టెక్సాస్ పశువుల మందలు అక్కడికి తోలుకొచ్చి రైలెక్కించిన అసలు కాలం 1875 ప్రాంతం నుంచి 1885 దాకా, గట్టిగా పదేళ్లు. తర్వాత కాన్సాస్ వాళ్లు టెక్సాస్ పశువులు రాకూడదని అడ్డుకట్ట వేశారు, పొలాల చుట్టూ ముళ్లకంచెలు లేచాయి, రైళ్లే దక్షిణానికి వచ్చేశాయి. పదేళ్లు బతికిన కాలానికి ఇరవై ఏళ్ల సీరియల్! మార్షల్ మ్యాట్ డిల్లన్ అక్కడ తిరిగినన్నాళ్లు అసలు కౌబాయ్‌లు తిరగలేదు. డిల్లన్ వేషం కట్టిన జేమ్స్ ఆర్నెస్ ఇటలీలో ఆంజియో యుద్ధంలో కాలికి తూటా తగిలినవాడు. గుర్రం ఎక్కి దిగడం ఆయనకు నొప్పితో కూడిన పని. ఈసారి శనివారం ఆయన గుర్రం దిగేటప్పుడు చూడు.

ముసుగు వీరుడు లోన్ రేంజర్ సీరియల్లో అతని వెంట ఉండే టోంటో గురించి ఒక మాట. 'లోన్ రేంజర్‌కు నమ్మిన బంటు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. టోంటో వేషం కట్టిన జే సిల్వర్‌హీల్స్ కెనడాలోని సిక్స్ నేషన్స్ అనే ఆదివాసుల రిజర్వులో పుట్టిన మోహాక్ తెగ మనిషి. వల కట్టిన కర్రలతో బంతి ఆడే లక్రాస్ ఆటలో పేరున్నవాడు, చక్కటి ఇంగ్లీషు మాట్లాడేవాడు. అలాంటివాడి నోట్లో ముక్కలు ముక్కలైన ఇంగ్లీషు పెట్టి ఏళ్ల తరబడి పలికించారు. తర్వాత ఆయనే లాస్ ఏంజెలెస్‌లో తనవాళ్లకు నటన నేర్పే వర్క్‌షాపు పెట్టాడు. దీన్ని చివర్లో ఒక పేరాగా అతికించి 'ఇవీ లోపాలు' అని చేతులు దులుపుకోకు. ముసుగు వీరుడి పక్కన, అదే వాక్యంలో సిల్వర్‌హీల్స్ కూడా గుర్రం మీద ఉండాలి.

ముసుగు అంటే గుర్తొచ్చింది. ఆ లోన్ రేంజర్ వేసిన క్లేటన్ మూర్ సీరియల్ ఆగిపోయాక కూడా ముసుగుతోనే జనం మధ్యకు వెళుతుండేవాడు. 1979లో హక్కులున్న కంపెనీ కోర్టుకెళ్లి ముసుగు వేయకూడదని ఆర్డరు తెచ్చింది. ఆయనేం చేశాడు? దాదాపు అదే ఆకారంలో ఉండే నల్ల కళ్లజోడు పెట్టుకుని తిరిగాడు! కొన్నేళ్లకు ముసుగు వెనక్కి ఇచ్చేశారు. ఈ ఒక్క కళ్లజోడు మీద ఒక వ్యాసం రాయొచ్చు. నువ్వు రాయకపోతే నేనే రాసుకుంటాను.

నా సంగతి అడిగావు, మీ తరానికి ఈ పిచ్చి ఎలా పట్టిందని. నాకు తెలిసిన మొదటి కౌబాయ్ గ్యారీ కూపర్ కాదు, మన కృష్ణ. 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చినప్పుడు మా చిన్నాన్న సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. టోపీ, తోలు చొక్కా, ఎటు చూసినా ఇసుక. ఆ ఇసుక రాజస్థాన్‌దని, కథ రాసిన ఆరుద్ర 'సమగ్రాంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్రేనని చాలా ఆలస్యంగా తెలిసింది. హాలీవుడ్ నటుడు క్లింట్ ఈస్ట్‌వుడ్ కౌబాయ్ సినిమా తర్వాత చూసి, ఈయనెవరో మన కృష్ణను కాపీ కొట్టాడే అనుకున్నాను! ఆ ఈస్ట్‌వుడ్ సినిమాలు ఇటలీవాళ్లు స్పెయిన్ ఎడారిలో తీశారు. వాటిలో మొదటిది జపాన్‌లో కురొసావా తీసిన సినిమాకు నకలు. అమెరికా గుర్రం మా పేటకు ఎన్ని ఊళ్లు చుట్టి వచ్చిందో చూడు. పైగా ఆ సినిమాల్లో సెలూన్ అంటే సారా కొట్టు, మాకేమో క్షవరం చేసే కొట్టు. సెలూన్‌లో తుపాకులు పేలుతాయని చిన్నాన్న కథ చెబుతుంటే, మా వీధి చివర సెలూన్ వైపు నాలుగు రోజులు వెళ్లలేదు.

ఇది నా దారి. నీది డల్లాస్‌లో ఆ పక్కింటి సోఫా మీద మొదలవుతుంది. అక్కణ్ణుంచే రాయి.

'ది సెర్చర్స్' చివర్లో జాన్ వేన్ గుమ్మం బయట నిలబడి, ఎడమ చేత్తో కుడి మోచేతి పైన పట్టుకుంటాడు, గుర్తుందా? అది పాతకాలపు కౌబాయ్ నటుడు హ్యారీ కేరీ అలవాటు. ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. ఆయన భార్య ఆలివ్ కేరీ ఆ సినిమాలో అదే ఇంటి ఇల్లాలి వేషం వేసింది. ఆమె కళ్లెదుట వేన్ ఆమె భర్తలా చెయ్యి పట్టుకుని నిలబడి, తిరిగి నడిచిపోయాడు. తలుపు మూసుకుంది. బెంగ అన్న మాట ఆ సినిమాలో ఎక్కడా వినబడదు.

నీ వ్యాసంలో ఆ ముసలాయన టోపీ టీవీ పక్క మేకుకు తగిలించి ఉంటుందని రాశావు. నాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం అదే, దాని చుట్టూ గీత గీసి పెట్టాను. ఆయన ఆ టోపీ ఎప్పుడన్నా పెట్టుకుంటాడా? 'గన్‌స్మోక్' చూస్తున్నంతసేపూ చేతులెక్కడ పెట్టుకుంటాడు? వచ్చే శనివారం వెళ్లినప్పుడు చూసి, నాకు ఉత్తరం రాయి. వ్యాసం తర్వాత చూద్దాం.

మీ అమ్మను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
అత్తయ్య