మా బ్యాచ్ కబుర్లు మూడుసార్లు సేకరించాను: ఏం అడిగాను, ఏం అడగడం మానేశాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డిగ్రీ పూర్తయి 30 ఏళ్లయింది. తోటి విద్యార్థుల వివరాలు సేకరించి ఒకచోట చేర్చే పని మీకు అప్పగించారు. సగం మంది జవాబే ఇవ్వడం లేదు. ఇచ్చినవాళ్లు పదవులు, ఇళ్లు, పిల్లల చదువుల గురించి తప్ప మరేమీ రాయడం లేదు. ఏం అడగాలి, వచ్చినదాన్ని ఎలా రాయాలి అని అడిగారు.

ఈ పని మా బ్యాచ్ కోసం నేను డిగ్రీ పూర్తయిన పదో ఏట, పాతికో ఏట, ముప్పై అయిదో ఏట చేశాను. మేము మొత్తం 64 మందిమి. మొదటిసారి నేను చేసిన పొరపాటే ముందు చెబుతాను, ఎందుకంటే మీకు ఎదురైన ఇబ్బంది అందులోంచే వచ్చిందనిపిస్తోంది.

పదో ఏట నేనొక పత్రం తయారుచేసి అందరికీ పోస్టులో పంపాను. అందులో గడులు గీశాను: ఉద్యోగం, హోదా, భార్య లేదా భర్త పేరు, వారి ఉద్యోగం, పిల్లలు, సొంత ఇంటి చిరునామా. 29 జవాబులు వచ్చాయి. మిగతా 35 మందికి తీరిక లేదనో, మనసు లేదనో అనుకుని ఊరుకున్నాను. వాళ్లలో కొందరు ఎందుకు రాయలేదో తెలియడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. ఒకతనికి చివరి సంవత్సరంలో ఒక పేపరు మిగిలిపోయింది, మళ్లీ రాయలేదు. తనను బ్యాచ్‌లో లెక్కవేస్తారో లేదోనని పత్రం పక్కన పెట్టేశాడు. ఇంకొకామె భర్తతో విడిపోయి అప్పటికి మూడు నెలలు. ఆ గడిలో ఏం రాయాలో తోచక సొరుగులో దాచింది. క్లాసులో ఎప్పుడూ మొదటి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి, మంచం పట్టిన తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసిందట. “ఉద్యోగం అన్న గడి ఖాళీగా వదిలేశాను, హోదా దగ్గరికి వచ్చేసరికి ఇక రాయబుద్ధి కాలేదు” అని నాతో చెప్పింది. నా పత్రం వాళ్లను పలకరించలేదు, పరీక్ష పెట్టింది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే పాతికో ఏట గడులన్నీ తీసేసి రెండే ప్రశ్నలు అడిగాను. మొదటిది: ఈమధ్య నీ రోజులు ఎలా గడుస్తున్నాయి? రెండోది: మన క్లాసులో ఎవరి గురించి తెలుసుకోవాలని ఉంది? రెండు వాక్యాలు రాసినా చాలన్నాను. ఈసారి 51 జవాబులు వచ్చాయి.

వచ్చిన జవాబుల తీరే మారిపోయింది. “పొద్దున్నే నాన్నకు గడ్డం గీసి, కాసేపు పేపరు చదివి వినిపించి, తర్వాత ఆఫీసుకు వెళ్తున్నాను” అని ఒకరు రాశారు. “పిల్లలిద్దరూ వెళ్లిపోయారు. సాయంత్రం ఆరు అయ్యేసరికి ఇంట్లో ఏం చేయాలో తెలియడం లేదు” అని మరొకరు. పెద్ద సంస్థను నడుపుతున్న మిత్రుడు దాని ఊసే ఎత్తలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని రాశాడు. అది చదివి, మా బ్యాచ్‌లోనే అదే బాధ పడి కోలుకున్న మరొకతను అతనికి ఫోన్ చేశాడు. చదువుకునే రోజుల్లో వాళ్లిద్దరూ మాట్లాడుకోగా నేను చూడలేదు. ఇప్పుడు వారానికోసారి మాట్లాడుకుంటారు.

అలాగని విజయాల గురించి రాయవద్దని ఎవరికీ చెప్పకండి. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకసారి ఈ వాదన వచ్చింది. ప్రమోషన్ల గురించి, పిల్లల ర్యాంకుల గురించి ఎవరూ చెప్పకూడదని, విన్నవాళ్లు చిన్నబుచ్చుకుంటారని కొందరు గట్టిగా అన్నారు. నేను ఒప్పుకోలేదు. సంతోషాన్ని దాచుకోమనడం కూడా అన్యాయమే. మాలో ఒకామె 52 ఏళ్ల వయసులో డాక్టరేట్ తెచ్చుకుంది. ఇంటి పనులన్నీ అయ్యాక రాత్రి పదింటికి పుస్తకం తెరిచేదాన్నని, మధ్యలో రెండుసార్లు వదిలేయబోయానని కూడా రాసింది. దానికి వచ్చినన్ని అభినందనలు మా గ్రూపులో ఇంకే వార్తకూ రాలేదు. డిగ్రీ పేరొక్కటే రాసి ఉంటే ఒక పూట శుభాకాంక్షలతో సరిపోయేది. కాబట్టి ఎవరైనా ఒక్క ముక్కలో పదవి పేరు పంపితే, అక్కడిదాకా ఎలా వచ్చావో కూడా రాయమని అడగండి. చాలామంది ఆనందంగా రాస్తారు, వాళ్లను అలా అడిగినవాళ్లు తక్కువ.

ఇక జవాబు రానివాళ్ల విషయం. వాళ్లకు పత్రం కంటే ముందు పాత గ్రూపు ఫొటో పంపండి. 1975లో హ్యారీ బారిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి 392 మంది హైస్కూలు పూర్వ విద్యార్థుల మీద చేసిన పరిశోధన ఒకటుంది. ఏ ఆధారమూ లేకుండా తోటివారి పేర్లు చెప్పమంటే జనం తడబడ్డారు. ఫొటోలు చూపిస్తే మాత్రం 35 ఏళ్లు గడిచినా ముఖాలు దాదాపు చెక్కుచెదరకుండా గుర్తున్నాయి. మా అనుభవం కూడా అదే. జాబితా పంపితే “ఈ పేరు ఎవరిదో తెలియడం లేదు” అన్నవాళ్లే, చివరి సంవత్సరం ఫొటో పంపగానే రెండో వరుసలో ఎడమ నుంచి నాలుగో అమ్మాయి ల్యాబులో తనకు రికార్డు ఇచ్చి ఆదుకున్న సంగతితో సహా చెప్పారు. ఫొటో కింద వరుసల వారీగా పేర్లు రాసి పెట్టండి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారినవాళ్లకు రెండు ఇంటిపేర్లూ రాయండి. మాకు ఆచూకీ దొరకని పదమూడు మందిలో తొమ్మిది మంది ఆడవాళ్లే, కారణం కేవలం ఇదే.

ఇప్పుడు నా రెండో ప్రశ్న ఎందుకు ముఖ్యమో చెబుతాను. ఎవరి గురించి తెలుసుకోవాలని ఉందని అడిగితే, క్లాసులో ఎప్పుడూ మాట్లాడనివాళ్ల పేర్లే ఎక్కువ వచ్చాయి. ఆ పేర్లు పట్టుకుని ఒక్కొక్కరికీ విడిగా రాశాను: “నీ గురించి ముగ్గురు అడిగారు. ఎలా ఉన్నావు?” అంతే. ఇన్నేళ్ల తర్వాత హఠాత్తుగా పలకరిస్తే ఇబ్బంది పడతారేమోనని నాకూ జంకు ఉండేది. పెగ్గీ లియు అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో దీని గురించే చెప్పారు: మనం పలకరిస్తే అవతలివాళ్లు ఎంత సంతోషిస్తారో మనం తక్కువగా అంచనా వేస్తామట, ఆ పలకరింపు ఊహించనిదైతే వాళ్లు దాన్ని ఇంకా ఎక్కువగా మెచ్చుకుంటారట. పేపరు మిగిలిపోయిన మిత్రుడికి నేను రాసిన ఆ ఒక్క వాక్యానికి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. చివర్లో తన రోల్ నంబర్ రాసి, “ఇది ఇంకా మీ జాబితాలో ఉందా?” అని అడిగాడు. ఉందని అదే రోజు ఫోన్ చేసి చెప్పాను.

మరణవార్తల విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. మా బ్యాచ్‌లో ఒకే పేరు ఉన్నవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు కన్నుమూశారని తెలిసి ఎవరో ఇంటిపేరు లేకుండా గ్రూపులో పెట్టారు. గంటలో రెండో మిత్రుడి ఇంటికి ఓదార్పు ఫోన్లు మొదలయ్యాయి. మొదటి ఫోన్ ఎత్తింది అతని కూతురు. నాన్న అప్పుడు ప్రయాణంలో ఉన్నాడు, ఫోన్ కలవడం లేదు. అతను తిరిగి ఫోన్ చేసేవరకు, అంటే రెండు గంటలపాటు, ఆ పిల్ల పడిన వేదనకు ఎవరు జవాబుదారీ? ఆ రోజు నుంచి మేము ఒక నియమం పెట్టుకున్నాం. చనిపోయినవారి కుటుంబంతో ఒకరు స్వయంగా మాట్లాడి నిర్ధారించుకుని, చెప్పవచ్చా అని అడిగాకే గ్రూపులో రాస్తాం. ఇంటిపేరు, రోల్ నంబర్ తప్పనిసరి. బాగా దగ్గరి స్నేహితులకు ముందే ఫోన్ చేసి చెబుతాం. పాతికేళ్ల స్నేహితుడు పోయాడన్న సంగతి పుట్టినరోజు శుభాకాంక్షల మధ్య చదవాల్సిన పరిస్థితి ఎవరికీ రాకూడదు.

అన్నట్టు, ఆ శుభాకాంక్షల రద్దీ వల్లే అసలు వార్తలు మునిగిపోతున్నాయని మేము రెండో వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నాం. అందులో అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా సెట్టింగ్ మార్చాం. నెలకు రెండు మూడు సందేశాలకు మించవు. అందరూ చదువుతారు.

వచ్చిన జవాబులన్నీ చేర్చి మీరు వేసే సంచికలో, పోయినవారి గురించి విడిగా పేజీలు ఇవ్వండి. అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థుల పత్రిక 1900 నుంచి వస్తోంది. అందులో ఏ సంవత్సరం బ్యాచ్ కబుర్లు ఆ సంవత్సరం కింద ఉంటాయి, చనిపోయినవారి స్మృతులు వేరుగా ఉంటాయి. అది చూశాకే మా ముప్పై అయిదో ఏటి సంచికలో ఏడుగురికి తలా ఒక పేజీ ఇచ్చాను. ఆ పేజీలు రాయమని హోదాలు తెలిసినవాళ్లను అడగలేదు, హాస్టల్ గదిలో కలిసి ఉన్నవాళ్లను అడిగాను. ఆ కుటుంబాలకు ప్రతులు పంపితే, తండ్రి పద్దెనిమిదేళ్ల వయసులో ఎలా ఉండేవాడో మొదటిసారి తెలిసిందని ఒక అబ్బాయి రాశాడు.

ఇంకొక మాట. జబ్బు, విడాకులు, ఉద్యోగం పోవడం లాంటివి ఎవరి సంగతి వాళ్లే చెప్పాలి. మరొకరి ద్వారా మీకు తెలిసినా రాయకండి. ఎవరి గురించి ఏం రాసినా అచ్చుకు ముందు వాళ్లకు చూపించండి. నా సంచికలో పదకొండు మంది తమ వాక్యాలు మార్చుకున్నారు, ఇద్దరు పూర్తిగా తీసేయమన్నారు. తీసేశాను, ఎందుకని అడగలేదు.

మీకు గడువు ఎంత ఉందో రాయలేదు. నాకు చివరి రెండుసార్లూ ఎనిమిదేసి నెలలు పట్టింది, అందులో ఆరు నెలలు జవాబు రానివాళ్ల కోసమే. వాళ్ల పేర్లు ఈ రోజే విడిగా ఒక కాగితం మీద రాసుకుని, పైనుంచి ఇద్దరికి ఫోన్ చేయండి. నా రెండు ప్రశ్నల ఉత్తరం పూర్తి పాఠం కావాలంటే ఇక్కడే అడగండి, పెడతాను.