మొదటిసారి క్రిస్మస్ వాక్యం చెప్పబోయే మేనల్లుడికి

పర్లాకిమిడి
డిసెంబరు 8

అల్లుడూ,

నీకూ అమ్మాయికీ పిల్లలకీ ప్రభువు నామంలో దీవెనలు.

చెల్లాయి ఫోన్‌లో అంతా చెప్పింది. క్రిస్మస్ రోజు మీ పాస్టరు అయ్యగారు మూడు ఊళ్లు తిరగాలట, గుణుపురంలో వాక్యం నీ నెత్తిన పెట్టారట, నీకేమో వారం నుంచి నిద్ర లేదట. టెన్షన్ పడకు అని అనను. నలభై ఏళ్ల నుంచి చెబుతున్నాను, నాకే ఇప్పటికీ ఆ పొద్దున కాఫీ దిగదు.

వాట్సాప్‌లో పంపిన నోట్సు చదివాను. కష్టపడ్డావు. కానీ మూడు పేజీల్లో పసివాడు ఎక్కడా లేడురా. క్రీస్తు ఎవరని సంఘ పెద్దలు కూర్చుని తేల్చిన 325 నాటి నైసియా సభ ఉంది, 451 నాటి కల్సెదోను సభ ఉంది, కుమారుడు తండ్రితో సమానుడు కాడన్న ఏరియస్ ఉన్నాడు. ఆయన్ని పడుకోబెట్టిన పశువుల తొట్టి లేదు.

నా మొదటి క్రిస్మస్ వాక్యం అచ్చం అలాంటిదే. కుమారుడు తండ్రితో ఏకస్వభావుడని గంటసేపు రుజువు చేశాను. పిల్లలు చాపల మీదే నిద్రపోయారు. తర్వాత ప్రేమ విందులో మా సంఘంలోని ఒక మంత్రసాని ముసలమ్మ నా పక్కన కూర్చుంది. అన్నంలో పప్పు కలుపుకుంటూ, "అంతా చెప్పావు గానీ బాబూ, బొడ్డెవరు కోశారు?" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "పరాయి ఊరు, తొలిచూలు, కన్నతల్లి పక్కన లేదు. ఎవరో ఒకరు కొయ్యాలి కదా?" అని మళ్లీ అడిగింది.

జవాబు లేదు నా దగ్గర. సువార్త రాసిన లూకా కూడా రాయలేదు. మరియ బిడ్డను పొత్తిగుడ్డలతో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టింది, అంతవరకే రాశాడు. ఇంటికొచ్చి పడుకున్నాక బుర్రకెక్కింది. లోకాన్ని చేసినవాడి బొడ్డు ఇంకొకరు కొయ్యాల్సి వచ్చింది. ఆ చేతులు శుభ్రంగా లేకపోతే బిడ్డకు ప్రాణం మీదికొస్తుంది. "వాక్యము శరీరధారియై" అని యోహాను అన్న మాటకు నేను గంటలో చెప్పలేని అర్థం ఆవిడ ముద్ద కలుపుతూ చెప్పేసింది.

అందుకని ముందు ఆ ఒంటి గురించి చెప్పు. సభల సంగతి నీకు తెలిసి ఉంటే చాలు, అది గోడకు పునాది లాంటిది, అందరికీ తవ్వి చూపించక్కర్లేదు.

నీ రెండో పేజీలో రాజు మారువేషంలో ఊళ్లోకి వచ్చిన కథ ఉంది. అది కొట్టేయ్. నేనూ చాలాసార్లు చెప్పాను, జనానికి భలే నచ్చుతుంది, అదే దానితో చిక్కు. మారువేషం వేసుకున్న రాజు రాత్రికి కోటకు పోతాడు, చిరుగు బట్టలు విప్పేస్తాడు, పట్టు పరుపు మీద పడుకుంటాడు. లోపల రాజు, పైన బిచ్చగాడు. యేసు మనిషిలా కనిపించాడే గాని నిజంగా మనిషి కాడు అన్నవాళ్లు మొదటి శతాబ్దాల్లోనే ఉన్నారు, సంఘం వాళ్లను ఒప్పుకోలేదు. ఆయన బావి దగ్గర అలసి కూర్చున్నాడంటే నిజంగా కాళ్లు లాగాయి. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఏడ్చాడంటే నిజంగా ఏడుపొచ్చింది.

మరి "తన్ను తానే రిక్తునిగా చేసికొనెను" అని పౌలు రాశాడే అంటావు. రిక్తుడు అంటే మన వాళ్లకు సగం మందికి అర్థం కాదు, వట్టి చేతులవాడు అని చెప్పు. దైవత్వాన్ని బయట విప్పి వచ్చాడని మాత్రం అనకు. దేవుడుగానే ఉండి దాసుడి బతుకు బతికాడు. ఎలా కుదిరిందని అడిగితే, కల్సెదోనులో కూర్చున్న పెద్దలు కూడా ఎలా అన్నది విప్పలేదు. రెండు స్వభావాలూ కలగాపులగం కాలేదు, విడిపోనూ లేదు అని కంచె వేసి ఊరుకున్నారు. నువ్వూ ఊరుకో.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీ గుడిలో ఆ రోజు ఇరుగుపొరుగు వాళ్లు కూడా కూర్చుంటారు. తెలుగులో విని ఒడియాలో మాట్లాడుకునేవాళ్లు, కొండల నుంచి దిగిన సవర కుటుంబాలు, కేకు కోసం వచ్చిన పిల్లలు. "మా దేవుడు ఒక్కడే కష్టపడ్డాడు" అని గొప్పలు పోకు. స్నాన పూర్ణిమ నాడు నూట ఎనిమిది కుండల నీళ్లు పోస్తే జగన్నాథుడికి జ్వరమొస్తుందని, పదిహేను రోజులు దర్శనం ఉండదని, మందులు ఇస్తారని వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దేవుడికి జ్వరమా అని వాళ్లెవరూ ఆశ్చర్యపోరు. ఒకప్పుడు నేను ఆ నమ్మకాన్ని మైకులో ఎగతాళి చేశాను. మర్నాడు ఎదురింటాయన పలకరించలేదు. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అవతారం అన్న మాట వాడొచ్చు, మన పాటల్లోనూ ఉంది. కాకపోతే అది వినగానే వాళ్లకు పది గుర్తొస్తాయి. మనం చెప్పేది ఒక్కసారి జరిగిందని, అది రోమా చక్రవర్తి ఔగుస్తు కైసరు జనసంఖ్య రాయించిన కాలమని, చివర విచారణ చేసినది రోమా అధికారి పొంతి పిలాతని తేటగా చెప్పు. పోల్చి తక్కువ చేయడం వేరు, మన సంగతి మనం చెప్పడం వేరు.

పేదరికం గురించి చెప్పాలనుకుంటే లూకా రెండో అధ్యాయంలో పావురాల దగ్గర ఆగు. బిడ్డ పుట్టాక దేవాలయంలో గొర్రెపిల్లను అర్పించాలి, తాహతు లేనివాళ్లు రెండు గువ్వలో పావురం పిల్లలో ఇవ్వొచ్చని లేవీయకాండం వెసులుబాటు ఇచ్చింది. మరియ, యోసేపు పక్షులే ఇచ్చారు. దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. తాకట్టు కొట్టు గడప తొక్కినవాళ్లు వెంటనే పట్టుకుంటారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం తొట్టి కాదు, చేప. యేసు సమాధిలోంచి లేచిన తర్వాత శిష్యులు దయ్యమనుకుని జడుసుకుంటే, తినడానికేమైనా ఉందా అని అడిగాడు. కాల్చిన చేప ముక్క ఇస్తే వాళ్ల ముందే తిన్నాడు. చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. పని అయిపోయింది కదా అని ఆ ఒంటిని విడిచిపెట్టలేదు, దానితోనే పరలోకానికి ఆరోహణమయ్యాడు. మరియ కన్న శరీరం ఇప్పటికీ ఆయనదే. మీ అత్తయ్య మోకాళ్ల నొప్పులతో రాత్రుళ్లు మూలుగుతుంటే నేను చదివి వినిపించేది ఈ భాగమే. నాలుగో శతాబ్దంలో నజియంజు గ్రెగొరీ అనే సంఘ పెద్ద, క్రీస్తు దేన్ని తనలోకి తీసుకోలేదో అది బాగుపడదు అనే అర్థంలో రాశాడు. అంటే మోకాళ్లూ తీసుకున్నాడన్నమాట.

ఇక మిగిలినవి. ఇరవై నిమిషాలు దాటకు. సండే స్కూల్ పిల్లల నాటకం ఎలాగూ ఆలస్యమవుతుంది, నీ వంతు వచ్చేసరికి వెనక నుంచి కోడికూర వాసన వస్తుంటుంది, దాంతో పోటీ పెట్టుకోకు. మైకు ముందే చూసుకో. కాగితం చూసి చదవకు. ముందురోజు ఎవరి శాలకైనా వెళ్లి కుడితి తొట్టి దగ్గర కాసేపు నిలబడు. అంచు నాకీ నాకీ నున్నబడి ఉంటుంది, లోపల చేయి పెడితే జిగురు. డిసెంబరు మంచుకు పొద్దున్నే ముట్టుకోలేం. అది చూసొచ్చి ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పు.

అయిపోయాక వెంటనే వంటల వైపు పోకుండా గుమ్మం దగ్గర నిలబడు. ఎవరో ఒకరు నీకు జవాబు తెలియని ప్రశ్న వేస్తారు. అది రాసుకుని 26న గుణుపురం బండెక్కి ఇటు రా. అరిసెలకు మీ అత్తయ్య బియ్యం నానబోస్తానంది.

మీ మావయ్య