ఆర్సెనిక్ విషం కదా, దాన్ని మందుగా ఎలా వాడారు?

విషమే, సందేహం లేదు. అయినా 1786లో థామస్ ఫౌలర్ అనే ఆంగ్ల వైద్యుడు ఒక శాతం పొటాషియం ఆర్సెనైట్ ద్రావణాన్ని జ్వరాలకు సిఫారసు చేశాడు. తర్వాత తరాల వైద్యులు దాన్ని ఉబ్బసం నుంచి సోరియాసిస్ దాకా దేనికి పడితే దానికి రాసిచ్చారు. హాని వెంటనే బయటపడకపోవడమే అసలు చిక్కు. ఏళ్ల తరబడి తాగినవారికి అరచేతుల్లో, అరికాళ్లలో గట్టి కాయలు లేచేవి, చర్మంపై నల్లమచ్చలు పడేవి, కొందరికి చర్మ క్యాన్సర్ వచ్చేది. ఆర్సెనిక్ ఎంజైముల్లోని గంధకపు భాగాలను పట్టుకొని కణాలకు శక్తి అందకుండా చేస్తుంది. క్రిమి కణమా, రోగి కణమా అన్న తేడా దానికి పెద్దగా ఉండదు.

1910లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ప్రయోగశాల నుంచి వచ్చిన సాల్వర్సాన్ అనే ఆర్సెనిక్ మందు మాత్రం సిఫిలిస్ అనే సుఖవ్యాధిపై నిజంగానే పనిచేసింది. పెన్సిలిన్ వచ్చేదాకా ఆ కుటుంబపు మందులే దిక్కు. ఆఫ్రికా నిద్రజబ్బుకు ఇచ్చిన మెలార్సోప్రాల్ అనే మరో ఆర్సెనిక్ మందు అయితే, నా దృష్టిలో, గత్యంతరం లేక చేసిన జూదం: చికిత్స పొందినవారిలో సుమారు 5 శాతం మంది ఆ మందువల్లే చనిపోయేవారు.

ఇప్పటికీ ఒక రకం రక్త క్యాన్సర్‌కు (అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా) ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ మంచి మందు. గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉన్నందున ఈసీజీ, రక్తపరీక్షలు చూసుకుంటూ సిరలోకి ఎక్కిస్తారు.