ప్రొడక్షన్ కంపెనీలు వేరే కంపెనీలను కొంటూ ఎందుకు పెరుగుతాయి? అమ్ముడైన కంపెనీలో పనిచేసేవాళ్ల సంగతేంటి?

బిగ్ బాస్ తీసే ఎండెమాల్ షైన్‌ను బనిజే అనే ఫ్రెంచ్ కంపెనీ కొన్నదని చదివి ఈ ప్రశ్న వేశారు. నేను పదకొండేళ్లుగా ముంబైలో, హైదరాబాద్‌లో రియాలిటీ షోల పోస్ట్ ప్రొడక్షన్ చూస్తున్నాను. బనిజేలో ఎప్పుడూ చేయలేదు. కానీ నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీని పెద్ద గ్రూప్ కొన్నప్పుడు అక్కడే ఉన్నాను.

మొదట బనిజే కథ. స్టెఫాన్ కూర్బి అంతకుముందు ఎండెమాల్ ఫ్రాన్స్ శాఖను నడిపిన మనిషి. బయటికొచ్చి 2008లో బనిజే పెట్టారు. సొంతంగా షోలు తయారు చేసుకుంటూ కూర్చోలేదు, దేశదేశాల్లో ప్రొడక్షన్ కంపెనీలను కలుపుకుంటూ పోయారు. 2016లో జోడియాక్ అనే ప్రొడక్షన్ గ్రూప్ కలిసింది. 2020 జులైలో ఏకంగా ఎండెమాల్ షైన్‌నే, దాదాపు 220 కోట్ల డాలర్లకు కొన్నారు. తను ఒకప్పుడు ఉద్యోగం చేసిన గ్రూప్‌నే! బిగ్ బ్రదర్ (మన బిగ్ బాస్‌కు మూలం ఇదే), మాస్టర్‌చెఫ్, సర్వైవర్ మూడూ ఇప్పుడు ఒకే గూటిలో ఉన్నాయి.

ఇంత డబ్బు పెట్టి కొనేది ఏమిటి? కెమెరాలు, లైట్లు అద్దెకు దొరుకుతాయి. షో అవగానే సెట్ విప్పేస్తారు. కొనేది హక్కులను. బిగ్ బ్రదర్ 1999లో నెదర్లాండ్స్‌లో మొదలైంది. దాన్ని ఇంకో దేశంలో తీయాలంటే హక్కులున్నవాళ్లకు లైసెన్స్ డబ్బు కట్టాల్సిందే. షో ఎలా తీయాలో అంతా రాసిపెట్టిన పుస్తకం ఒకటి ఉంటుంది, మా ఫీల్డ్‌లో దాన్ని బైబిల్ అంటాం. అలాంటి హిట్ ఫార్మాట్, అంటే ఏ దేశంలోనైనా తీయగల షో నమూనా, కొత్తగా పుట్టించడం చాలా కష్టం. పది ఆలోచనలు చేస్తే ఒక్కటి పైలట్ (శాంపిల్ ఎపిసోడ్) దాకా రావడమే గొప్ప. అందుకే ఇప్పటికే ఆడుతున్నదాన్ని కొనుక్కుంటారు. ఒక దేశంలో షో పోయినా ఇంకో దేశంలో ఆడుతుంది.

చూసేవాళ్లకు మాత్రం ఏ తేడా తెలియదు. యజమాని మారిన రెండు నెలలకే, 2020 సెప్టెంబర్‌లో, తెలుగు బిగ్ బాస్ నాలుగో సీజన్ నాగార్జున గారితో ఎప్పటిలాగే మొదలైంది.

తేడా తెలిసేది లోపలివాళ్లకు. మా కంపెనీని కొనేముందు లాయర్లు రెండు నెలలు కాగితాలే చూశారు. మా గేమ్ షోలో అందరికీ నచ్చిన ఒక రౌండ్ ఆలోచన అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేసిన ఓ కుర్రాడిది. అది కంపెనీదని చెప్పే కాగితం లేదు. "హక్కులన్నీ కంపెనీవే" అని ఉన్న కాగితం మీద సంతకం చేయించే పని నాకు అప్పజెప్పారు. అతను చదవకుండానే "మీరు చెప్పారుగా అన్నా" అంటూ పెట్టేశాడు. ఒక్క రూపాయి రాలేదు, టైటిల్స్‌లో పేరూ పడలేదు. ఆ కాగితం ఏంటో ఆ రోజే అతనికి వివరంగా చెప్పి ఉండాల్సింది. అది నా తప్పే.

మంచీ జరిగింది. జీతం ఒకటో తేదీకే పడేది, పీఎఫ్ వచ్చింది, యూనిట్ మొత్తానికి ఇన్సూరెన్స్ చేయించారు. కానీ లైట్‌బాయ్‌లకు వారంలో అందే డబ్బు మూడు నెలలు ఆగింది, కొత్త సిస్టమ్‌లో వాళ్ల పేర్లు ఎక్కించలేదని. మా మేనేజర్ తన జేబులోంచి కొంత సర్దారు. ఇక ఓనర్లకు డబ్బంతా ఒకేసారి ఇవ్వరు. కొంత ఆపి, రెండు మూడేళ్లు లాభం చూపిస్తే ఇస్తారు. ఆ గడువు తీరగానే మా ఓనర్లు వెళ్లిపోయారు. వాళ్లను నమ్ముకుని వచ్చిన రైటర్లూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

మీరు చిన్న కంపెనీలో ఉంటే ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. ఆలోచన మీటింగ్‌లో చెప్పి వదిలేయకండి, అదే రోజు మెయిల్‌లో రాసి పంపండి. టైటిల్స్‌లో పేరు, తర్వాతి సీజన్లకు డబ్బు సంగతి కంపెనీ అమ్మకానికి రాకముందే అడగండి. లాయర్లు కాగితం పట్టుకొచ్చాక వినేవాళ్లు ఉండరు.