మూడు నిమిషాల షట్‌డౌన్‌కు కారణం ఆ గడువుల్లో ఉండదు

విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్ ఆగడానికి మూడు నిమిషాలు పడుతోందని, విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలో 'వెయిట్ టు కిల్' విలువలు, అంటే ప్రోగ్రాములు వాటంతటవే మూసుకునేదాకా విండోస్ ఆగే గడువులు, తగ్గిస్తే సరిపోతుందా అని మీరు అడిగారు. తగ్గించి నష్టపోయినవాణ్ణి కనుక, వాటి జోలికి వెళ్లవద్దనే చెబుతాను.

అనంతపురంలో క్లాక్ టవర్ దగ్గర మాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. ఒక కార్యాలయం వాడి వదిలేసిన కంప్యూటర్‌ను కొని, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు చేస్తుంటాను. శ్రావణమాసంలో ఒక సాయంత్రం, తాడిపత్రి నుంచి వచ్చిన పెళ్లికొడుకు తండ్రి పక్కన కూర్చుని బంధువుల పేర్లు ఒక్కొక్కటిగా చెబుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ రెండు నిమిషాలకు మించి నిలవదు కాబట్టి వెంటనే షట్‌డౌన్ నొక్కాను. అంతకు వారం ముందే, మూసుకోని ప్రోగ్రాములను మనల్ని అడగకుండా ఆపేసే 'ఆటో ఎండ్ టాస్క్స్' విలువను 1 చేసి, ప్రోగ్రాముల కోసం ఆగే గడువును 20,000 మిల్లీసెకన్ల నుంచి 1,000కి తగ్గించి ఉండటంతో, ఫైలు సేవ్ చేయాలా అని పేజ్‌మేకర్ అడిగిన ప్రశ్నకు నేను మౌస్ కదిపేలోపే విండోస్ దాన్ని మూసేసింది. ఇంత చేసినా 'షటింగ్ డౌన్' అన్న తెర అలాగే నిలిచిపోయింది. చివరికి యూపీఎస్ చేతులెత్తేసి కంప్యూటర్ మధ్యలోనే ఆరిపోయింది. ఆ పెద్దాయన విసుక్కోకుండా పేర్లన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పడం తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రిపేరుకు తీసుకెళితే ఫార్మాట్ చేయాలన్నారు, లేదంటే కొత్తది కొనమన్నారు. కారణం వెదకకుండా ఈ రెండు మాటలే చెప్పడం నాకు ఏమాత్రం నచ్చదు.

లెక్క చూడండి. విండోస్ 7లో సర్వీసుల కోసం, అంటే తెర వెనుక నడిచే ప్రోగ్రాముల కోసం ఆగే గడువు మామూలుగా 12,000 మిల్లీసెకన్లు, అంటే 12 సెకన్లే. దాన్ని పూర్తిగా తీసేసినా మూడు నిమిషాల్లో తగ్గేది ఎంత? నా కంప్యూటర్‌లో అసలు దోషం 'క్లియర్ పేజ్‌ఫైల్ ఎట్ షట్‌డౌన్' అనే విలువ 1గా ఉండటం. గోప్యత కోసం కొన్ని కార్యాలయాల్లో అలా పెడతారు. పేజ్‌ఫైల్ అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ హార్డ్‌డిస్క్‌పై వాడుకునే ఫైలు. ఆ విలువ 1 అయితే, ఆపిన ప్రతిసారీ విండోస్ ఆ ఫైలును సున్నాలతో నింపుతుంది. పాత హార్డ్‌డిస్క్‌పై అనేక జీబీలు రాయడానికి నిమిషాలు పడుతుంది.

రిజిస్ట్రీని ముందుగా ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే నకలు తీసి పెట్టుకుని, లోకల్ మెషీన్ కింద సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, సెషన్ మేనేజర్, మెమరీ మేనేజ్‌మెంట్ వరకు వెళ్లి ఆ విలువను చూడండి. 1 ఉంటే 0 చేసి, ఒకసారి రీస్టార్ట్ చేయండి. నాది ఇప్పుడు నిమిషంలోపే ఆగుతోంది, గడువులన్నీ పాత విలువలకే మార్చేశాను.